నాన్న ఇవ్వని పెళ్లి ఫోటోలు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. మొత్తం అచ్చేయడానికి చోటు చాలదు కాబట్టి సంగతి నా మాటల్లో చెబుతున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. నాన్నగారికి చిత్తూరులో ఫోటో స్టూడియో ఉండేది. డిజిటల్ వచ్చాక గిరాకీ పడిపోయి 2007లో షట్టరు దించేశారు. తొమ్మిది నెలల కిందట కాలం చేశారు. ఇల్లూ స్థలమూ అన్నయ్య చూసుకుంటున్నారు. ఎవరికీ అక్కర్లేని సామాను ఈమె తిరుపతికి తెచ్చుకున్నారు. ఒక పెంటాక్స్ కె1000 కెమెరా, నెగటివులున్న రేకుపెట్టెలు రెండు, పెళ్లి ఆర్డర్లు రాసుకున్న లెక్కల పుస్తకాలు.

ఆ పుస్తకాల్లోని ఊళ్లు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. నెలకు రెండు ఆదివారాలు. ఆర్టీసీ బస్సు, ఒక ఊరు, ఒక ఫిల్మ్ రోలు. పుత్తూరు, నగరి, కార్వేటినగరం, కుప్పం. నాన్న తీసిన పెళ్లి ఫోటో ఇంకా గోడకు ఉన్న ఇల్లు వెతకడం, ఆనాటి పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ అదే గోడ కింద కూర్చోబెట్టి ఫోటో తీయడం, ఇంటికొచ్చాక రోలుకో పేజీ చొప్పున ఆ ప్రయాణం రాసుకోవడం. ఒక రోలు అలిపిరి మెట్ల మీద ఖర్చయింది. నాన్న ఏటా నడిచి కొండెక్కేవారట. 3550 మెట్లు, రోలులో 36 ఫ్రేములు, అంటే దాదాపు వంద మెట్లకు ఒకటి. "మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి రెండే మిగిలాయి. ఆ రెండూ దాచుకుని కొండ మీదికి పోయాను" అని రాశారు. ఇప్పటికి 14 రోళ్లు అయ్యాయి. నాన్న సంవత్సరీకానికి వీటిని చిన్న పుస్తకంగా వేయించి చుట్టాలకు పంచాలని కోరిక.

చిక్కంతా పద్నాలుగో రోలుతో వచ్చింది. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు దాటాక ఒక పల్లె. పుస్తకంలో 1986 నాటి పద్దు. అన్ని పద్దులకూ ఎదురుగా "ఇచ్చాను" అని రాసి ఉంది, ఈ ఒక్కదానికి లేదు. అరవైకి దగ్గర పడిన ఒకావిడ వాకిట్లోకి వచ్చి, ఎవరి కూతురో తెలుసుకుని, నింపాదిగా అన్నదట: "మా పెండ్లి పటాలు మీ నాయన ఇయ్యనే లేదు మే. మూడు నూర్లు అడ్వాన్సు ఇచ్చింటిమి. మా నాయన రెండు తూర్లు చిత్తూరికి పొయ్యొచ్చినాడు. రెండు తూర్లూ అంగడి మూసిండె." నాన్న మళ్లీ ఆ పక్కకే రాలేదట. ఆవిడ భర్త నాలుగేళ్ల కిందట పోయాడు. ఓటరు కార్డు మీది మొహం తప్ప ఆయన పడుచుతనపు మొహం ఇంట్లో ఎక్కడా లేదు. ఆవిడ తిట్టలేదు. కాఫీ ఇచ్చింది, గడపలో నిలబడి ఫోటో తీయించుకుంది. పటం తెచ్చిస్తానని ఈమె మాటిచ్చి వచ్చారు. చెన్నైలో కడిగించి తెప్పిస్తే రోలులో ఒక్క బొమ్మా లేదు.

సంగతి చెబితే అమ్మ అన్న మాట: "ఆ ఊరు తీసెయ్యి. పోయినాయన మీద ఇప్పుడెందుకు." అన్నయ్య మాట: "రోలుకు రెండు వేలు తగలేసి నాన్నకు చెడ్డపేరు కొనుక్కొస్తున్నావు." ఈమె అడిగినవి ఇవి. ఆ ఊరిని పుస్తకంలోంచి తీసేయాలా? ఏ మొహంతో మళ్లీ వెళ్లాలి? ఆ మూడు వందలు తిరిగి ఇవ్వాలా, ఇస్తే ఎంత? చివర్న ఒక వాక్యం, కొట్టేసి మళ్లీ రాసింది: "ఫోనుతో తీసి ఉంటే ఇదంతా ఉండేది కాదేమో."

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు కట్టుకథేమో అనిపించింది. తండ్రి రోలు పోయిన ఊళ్లోనే కూతురి రోలూ పోవడమేమిటని. రెండోసారి చదివితే అంచుల్లో అంకెల సంగతి కంటపడింది. అప్పుడు నమ్మాను. కట్టుకథలు అల్లేవాళ్లు అంత దూరం పోరు.

ముందు ఆ అంకెల దగ్గరే కూర్చుందాం. "కాషాయం రంగు ఖాళీ పట్టీ వచ్చింది. అంచుల్లో మాత్రం అంకెలూ ఫిల్మ్ పేరూ ఉన్నాయి" అని రాశారు. ఆ అక్షరాలు ఫ్యాక్టరీలోనే వెలుగుతో అచ్చుపడి ఉంటాయి. డెవలపరులో మునిగితేనే పైకి తేలతాయి. అవి తేలాయంటే కడిగినవాళ్లు పని సరిగ్గానే చేశారు. ఫిల్మ్‌కు వెలుగే తగల్లేదు. షట్టరు తెరుచుకోకపోయినా ఇలాగే వస్తుంది కానీ, అంతకుముందు 13 రోళ్లు బాగా వచ్చాయి కాబట్టి నా అనుమానం ఒక్కటే. రోలు ఎక్కించినప్పుడు ఫిల్మ్ నాలుక అవతలి చుట్టుకడ్డీకి పట్టుకోలేదు. కె1000 మీద ఉండే కౌంటరు మీరు లివరు ఎన్నిసార్లు తిప్పారో లెక్కపెడుతుందే తప్ప, ఫిల్మ్ నడిచిందా లేదా దానికి తెలియదు. లోపల ఏమీ కదలకపోయినా దర్జాగా 36 చూపిస్తుంది. కనిపెట్టడానికి రెండే గుర్తులు. లివరు తిప్పినప్పుడల్లా ఎడమచేతి వైపున్న రివైండు గుండీ కూడా తిరగాలి. 36 దాటి 38, 39 అయినా లివరు బిగుసుకోకుండా సాఫీగా తిరుగుతుంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే.

ఇది చెప్పే అర్హత నాకుంది. కాలేజీ రోజుల్లో ఏడుగురం హార్స్‌లీ హిల్స్‌కు పోయాం. స్నేహితుడి యాషికాలో రోలు అయిపోగానే రివైండు చేయకుండా వెనక తలుపు తెరిచాను, మిట్టమధ్యాహ్నం. అందరి టూరూ మాడి మసైంది. ఇప్పటికీ వాడు నా చేతికి కెమెరా ఇవ్వడు. కాబట్టి ఆ ఖాళీ రోలులో విధినీ శాపాన్నీ వెతక్కండి. అరంగుళం ఫిల్మ్ సరిగ్గా పట్టుకోలేదు, జరిగిందింతే.

మరి మీ నాన్నగారి రోలు? రేకుపెట్టెల్లో 1986 కవరు ఉందో లేదో చూశారా? ఆరు పేజీల్లో ఆ మాట ఎక్కడా లేదు. ఫోటోగ్రాఫర్లు నెగటివును అంత తేలిగ్గా పారేయరు, పాడైనదాన్ని కూడా. దొరికితే ఫోనులో తెల్ల తెర పెట్టి దాని మీద పట్టీ పరిచి చూడండి. అంచులతో సహా అంతా నల్లగా ఉంటే నేను చేసిన నిర్వాకమే, వెలుగు పడింది. అంచుల్లో అక్షరాలుండి బొమ్మలు లేకపోతే మీకు జరిగిందే ఆయనకూ జరిగింది. అక్షరాలు కూడా లేకుండా పట్టీ అద్దంలా ఖాళీగా ఉంటే డెవలపరుకు ముందు ఫిక్సరు, అంటే బొమ్మ తేలాక ఫిల్మ్ మీద మిగిలిన మందును కరిగించేసే ద్రావణం, పోసేశారన్నమాట. పెట్టెల అడుగున "ఇందు" అని అచ్చున్న ఖాళీ కాగితం డబ్బాలు దొరికాయని రాశారు కదా. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల సరుకు అది. అంటే నలుపు తెలుపు పని ఆయన స్వయంగా చీకటిగదిలో చేసుకునేవారు. వరసగా నాలుగు ముహూర్తాలకు నిద్ర లేకుండా తిరిగొచ్చిన మనిషికి రెండు సీసాలు తారుమారు కావడం పెద్ద వింతేం కాదు. ఫిక్సరు ముందు పడితే ఇక ఏ మంత్రమూ పనిచేయదు. కలర్ రోలయితే కథ వేరు. కలర్ డెవలపరు 38 డిగ్రీల దగ్గర మూడుంపావు నిమిషాలు కచ్చితంగా ఉండాలి, చిన్న స్టూడియోలకు అది కుదిరే పని కాదు. బయట కడిగించి ఉంటారు. తప్పు అసలు ఆయనది కాకపోవచ్చు కూడా.

ఇంకొకటుంది, నాకు ఎక్కువ ఆసక్తి దాని మీదే. తెల్లవారుజాము ముహూర్తమైతే ఫ్లాష్ లేకుండా కుదరదు. ఆనాడు ఆయన చేతిలో ఉన్నది కూడా ఈ కె1000 అయితే, ఫ్లాష్‌తో తీసేటప్పుడు షట్టరు వేగం సెకనులో 60వ వంతుకు మించకూడదు. చెయ్యి తగిలి ఆ వేగం చక్రం 125 మీదికో 250 మీదికో జరిగితే, ఫ్లాష్ వెలిగేసరికే షట్టరు ఒక పక్క నుంచి మూసుకోవడం మొదలైపోతుంది. ఫ్రేములో ఒక పక్క బొమ్మ ఉంటుంది, మరో పక్క నిలువునా చీకటి. పెళ్లికూతురు ఉంటుంది, పెళ్లికొడుకు ఉండడు. లేకపోతే అటుదిటు. అలాంటి పటాలు ఏ ఫోటోగ్రాఫరు మొహం చెల్లి ఇవ్వగలడు? ఆ రోజున ఆ సగం ఫోటో అవమానం. ఈ రోజు ఆవిడకు ఆ సగంలో భర్త చెయ్యి, తలపాగా అంచు కనిపించినా చాలేమో. ఇదంతా నా ఊహ. కవరే దొరక్కపోవచ్చు. మీరు ఆశ పెట్టుకోవద్దు, ఆవిడకు అసలే పెట్టొద్దు.

ఆ పెట్టె మాత్రం ఒక్కరే విప్పకండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని విప్పండి. ఎందుకంటే, "ఆ ఊరు తీసెయ్యి" అనడమే గానీ "ఏ ఊరు?" అని అమ్మ అడగలేదని మీరే రాశారు, రాసి ముందుకు పోయారు. నేను పోలేకపోయాను. ఆమెకు తెలుసు. పల్లె నుంచి వచ్చిన పెద్దాయనకు ఇంటి దగ్గర "ఊళ్లో లేరు" అని చెప్పింది ఆమే అయి ఉండొచ్చు. అలాగే అయితే ఆమె కాపాడుకుంటున్నది భర్త పరువు ఒక్కటే కాదు, నలభై ఏళ్ల నాటి తన అబద్ధాన్ని కూడా. మీరు పుస్తకంలో నాన్న గురించి రాసే ప్రతి వాక్యం ఆమె గురించి కూడా అవుతుంది. అడగొద్దు, నిలదీయొద్దు. పెట్టెలో ఉన్న వేరే పెళ్లిళ్లు ఒక్కొక్కటే తీసి చూపిస్తూ పోండి. చెప్పాలనుకుంటే ఆమే చెబుతారు. చెప్పకపోతే అదీ ఒక జవాబే, దాన్ని గౌరవించండి. పద్దు ఎదురుగా "ఇచ్చాను" అని లేకపోవడాన్ని, కొట్టివేత కూడా లేకపోవడాన్ని మీరు నాన్న పశ్చాత్తాపంగా చదువుకున్నారు. కావచ్చు. మరిచిపోయి కూడా ఉండొచ్చు. పోయినవాళ్ల తరఫున మనం రాసే క్షమాపణల్లో మన అక్షరాలే ఎక్కువుంటాయి, జాగ్రత్త.

ఇక పుస్తకం. ఆ ఊరిని తీసేస్తే 13 రోళ్ల పుస్తకం అందంగానే ఉంటుంది. అమ్మ మనసు నిమ్మళిస్తుంది, అన్నయ్య ఊరుకుంటారు. కుప్పంలో గోడ కింద కూర్చున్న దంపతులు, అలిపిరి మెట్లు, చివర దాచుకున్న రెండు ఫ్రేములు, ఒక మంచి కూతురు రాసిన మంచి జ్ఞాపకం. అందులో తప్పు లేదు. అయితే పుస్తకంలోంచి తీసేసినంత మాత్రాన ఆ ఊరు మీ ప్రయాణంలోంచి పోదు. ఆవిడకు ఇచ్చిన మాట మీది, నాన్నది కాదు. అది అచ్చుతో సంబంధం లేకుండా అలాగే ఉంటుంది.

ఊరు పేరు, మనిషి పేరు మార్చి రాస్తే? చదివే వందమంది చుట్టాల్లో పలమనేరు పక్క సంబంధాలున్నవాళ్లు నలుగురైనా ఉంటారు. మన జిల్లాలో ఆ సంగతి రెండు ఫోన్లలో తేలిపోతుంది. పేరు దాచడం మీకు తృప్తినిస్తుంది, ఆవిడను ఎంతవరకు దాస్తుందో చెప్పలేం. మొత్తం ఉన్నదున్నట్టు రాస్తే కథకు బలం వస్తుందని మీకు తెలుసు, నాకూ తెలుసు. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉన్నా నిజం, ఆ ఖాళీ కాషాయం పట్టీని ఒక పేజీ నిండా అచ్చేస్తే బాగుంటుందని చదువుతుండగానే నాకు తోచింది. కానీ ఆ బలం ఎవరి నష్టంలోంచి వస్తోంది? పటాలు పోయింది ఆవిడకు. ఆమె ఒప్పుకోకుండా ఆమె లేమిని మన పుస్తకానికి ముగింపుగా పెట్టుకుంటే, మూడు వందలు ఇచ్చి ఏమీ అందుకోలేని ఆవిడ దగ్గర రెండోసారి తీసుకున్నట్టు.

నా మొగ్గు ఎటో దాచను. సంవత్సరీకానికి పుస్తకం పెట్టుకోకండి. ఆ రోజు వచ్చేవాళ్లు భోక్తలకు వడ్డించే పనిలో, బస్సు టైము లెక్కల్లో ఉంటారు. ఆల్బమ్ అయితే చేతులు మారుతుంది, పుస్తకం సంచిలోకి పోతుంది. ఇరవై మంచి ప్రింట్లు వేయించి ఒక ఆల్బమ్‌లో పెట్టి నడింట్లో ఉంచండి. ఎవరు ఏ పటం దగ్గర ఆగారో, ఏమన్నారో వినండి. మీరు రాయలేని పేజీలు అక్కడ దొరుకుతాయి. పుస్తకాన్ని మరుసటి ఏడాదికి వదిలేయండి. ఆలోగా పల్లెకు వెళ్లి రావచ్చు, అమ్మ మాట్లాడొచ్చు. అలా చేస్తే నష్టం కూడా ఉంది. ఇప్పుడున్న ఊపు అప్పటికి ఉండకపోవచ్చు, పుస్తకం ఎప్పటికీ రాకపోవచ్చు. అది భరించలేననుకుంటే మొదటి దారే మేలు. 13 రోళ్లతో వేసి, పద్నాలుగోది మీ పెట్టెలో ఉంచుకోండి.

డబ్బు సంగతి త్వరగా తేలుస్తాను. ఆనాటి మూడు వందలు ఈనాటికి ఎంతని వడ్డీ కట్టి కవరులో పెట్టి ఇస్తే, మీ మనసు తేలికపడుతుంది, ఆవిడకు మాత్రం లెక్క ముగించి వెళ్లిపోయినట్టు ఉంటుంది. ఆమె అడిగింది పటం, పైకం కాదు. నేనైతే ఉత్త చేతులతో పోను, అలాగని కవరుతోనూ పోను. నాలుగు పండ్లు పట్టుకుపోతాను. ఆమే అడ్వాన్సు మాట ఎత్తితే అప్పుడు బేరం ఆడకుండా ఇస్తాను.

ఏ మొహంతో వెళ్లాలి అంటే, ఉన్న మొహంతోనే. వెళ్లగానే, కాఫీ రాకముందే చెప్పేయండి: "అవ్వా, నేను తీసిందీ పడలేదు." మీ నాన్నగారు చేయలేకపోయింది ఆ ఒక్కటే. రోలు పాడవడం ఎవరికైనా అవుతుంది, ఆయన ఆ కబురు చెప్పకుండా షాపు మూసుకున్నారు. ఆవిడ నవ్వొచ్చు, "మీ వంశమే అంత" అని రెండు మాటలు అనొచ్చు. అననివ్వండి. మళ్లీ గడపలో నిలబడమని అడగడం మాత్రం ఆ తర్వాతే, ఆమెకు ఇష్టమైతేనే. ఈసారి ఫిల్మ్‌తో పాటు ఫోనుతో కూడా ఒకటి తీసి, ఆ సాయంత్రమే పలమనేరులో ప్రింటు వేయించి చేతిలో పెట్టండి. మీరు కొట్టేసి మళ్లీ రాసిన వాక్యానికి నా జవాబు ఇదే. మీ ప్రయాణానికి ఫిల్మ్ ఎందుకు కావాలో నాకు అర్థమవుతుంది. ఫోను చేతిలో ఉంటే అలిపిరిలో నాలుగు వందలు తీసేవారు, ఏ రెంటినీ దాచుకునేవారు కారు. కానీ ఆ నిష్ఠ మీది. ఎదుటి మనిషికి పటం ఇస్తానని మాటిచ్చినప్పుడు దాని భారం ఆ మనిషి మీద వేయకూడదు.

మరొక్క పని. ఆవిడ భర్త పడుచు మొహం పెళ్లి రోలులోనే ఉండాలని లేదు. నాన్న ఆ పక్కకు పోవడం మానేసింది 1986 తర్వాత. అంతకుముందు పోయేవారు. 1984, 85 పద్దుల్లో పలమనేరు చుట్టుపక్కల పెళ్లిళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఆ ఊళ్లన్నీ ఒకదానికొకటి బంధువుల ఊళ్లే. ఏ మేనబావ పెళ్లిలోనో, గ్రూపు ఫోటోలో వెనక వరసలో, ఒక కుర్రాడు భుజాల మధ్య నుంచి తొంగి చూస్తూ ఉండొచ్చు. దొరికిన గ్రూపు ఫోటోలన్నీ కాస్త పెద్దవిగా ప్రింటు తీయించి, ఒక భూతద్దం కూడా పట్టుకెళ్లండి. మీరు వెతకబోకండి, మీకు ఆయన తెలియదు. పటాలన్నీ చాప మీద పరిచి ఆవిడ ముందు పెట్టండి.